తిథికి రెండు గడియలు

చొల్లంగి అమావాస్యకు మా నాయనమ్మ నన్ను మొదటిసారి స్నానానికి తీసుకువెళ్ళిన ఏడాది 1982. నాకు అప్పుడు ఎనిమిదేళ్ళు. పుష్యమాసపు చలిలో, ఇంకా చీకటి ఉండగానే, జనంతో పాటు నడిచి వెళ్ళి నడుములోతు నీళ్ళలో మూడు మునకలు వేశాను. సప్తసాగర యాత్ర ఇక్కడే మొదలవుతుందనీ, గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట్లన్నింటిలోనూ మునుగుతూ చివరికి అంతర్వేది చేరాలనీ, తన తల్లి ఆ యాత్ర మొత్తం కాలినడకన చేసిందనీ నాయనమ్మ దారి పొడుగునా చెబుతూనే ఉన్నది. మధ్యాహ్నం మేము తిరుగుముఖం పట్టే వేళకు నీరు వెనక్కి పోతున్నది. పొద్దున నీరు తప్ప ఏమీ కనిపించని చోట నల్లటి బురద తేలింది, దానితో పాటే కుళ్ళిన కోడిగుడ్డు వాసన గుప్పుమన్నది. నేను ముక్కు మూసుకున్నాను. "తీర్థం దగ్గర ముక్కు మూసుకోకూడదురా, తప్పు" అని నాయనమ్మ నా చెయ్యి లాగివేసింది. కాకినాడకు దగ్గరలోని కోరంగి మడ అడవిని గురించి నాకున్న తొలి జ్ఞాపకం ఆ వాసన, ఆ మందలింపు.

ఆ అడవి అప్పటికి నాలుగేళ్ళ క్రితమే, 1978లో, అభయారణ్యం అయింది. 235 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ ప్రాంతానికి అభయం ఎవరు, ఎవరి నుంచి ఇచ్చారో మాకు తెలియదు. మా నాన్నగారికి తాళ్ళరేవు దగ్గరి ఒక ఊరి బడిలో ఉద్యోగం. మేము అద్దెకున్న ఇంటి పెరటి గోడ దాటితే కాలువ, కాలువ దాటితే మడ. దేశంలో మడ అడవుల విస్తీర్ణాన్ని లెక్కగట్టి సుందరవనాల తరువాత కోరంగిది రెండో స్థానమా మూడో స్థానమా అని ఇప్పుడు కొందరు వాదించుకుంటూ ఉంటారు. ఆ అడవి లోపలికి ఒక్కసారైనా నీరు తీసే పాటు వేళ నడిచి వెళ్ళినవాడికి ఆ తగువు మీద ఆసక్తి ఉండదని నా అనుమానం.

నన్ను లోపలికి నడిపించినవాడు మా వెనక వీధిలో ఉండే ఒక ముసలి వేటగాడు. వేట అంటే అక్కడ చేపల వేటే. నాన్నగారిని ఆయన "మేష్టారండీ" అని పిలిచేవాడు, నన్ను "బాబూ" అనేవాడు, నేను "తాతా" అనేవాడిని. ఆయన మనవడికి నాన్నగారు రాత్రిపూట లెక్కలు చెప్పేవారు, అందుకు బదులుగా తాత ఆదివారాలు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేవాడు. బురదలో నడవడమే ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం. "కాలు ఈడవకు బాబూ, మడమ ముందు ఎత్తి, మునివేళ్ళ మీద వెయ్యి" అనేవాడు. ఎన్నిసార్లు చెప్పినా నా చెప్పులు రెండూ ఆ బురద కడుపులోకే పోయాయి. ఇంటికి వెళ్ళి అమ్మ చేత తిట్లు తినడం కూడా ఆదివారపు కార్యక్రమంలో ఒక భాగమైపోయింది.

ఆయన నేర్పిన రెండో పాఠం నీటి లెక్క. గడియారం ఆయన దగ్గర లేదు, పంచాంగం చదవడం రాదు, కానీ ఆవేళ తిథి ఏదో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. అమావాస్యనాడు పోటు నిండే వేళను గుర్తుపెట్టుకొని, అక్కడి నుంచి తిథికి రెండు గడియల చొప్పున కలుపుకుంటూ పోతే ఏ రోజు నీరు ఎప్పుడు నిండుతుందో, ఎప్పుడు తీస్తుందో తెలిసిపోతుందని చెప్పాడు. ఈ సంగతి విని మా నాన్నగారు కాగితం తీసుకున్నారు. గడియకు 24 నిమిషాలు, రెండు గడియలకు 48 నిమిషాలు, ముప్ఫై తిథులకు సరిగ్గా ఒక రోజు. అంటే నెల తిరిగేసరికి లెక్క మళ్ళీ మొదటికి వచ్చి కూర్చుంటుంది. లెక్కల మేష్టారు ఆ కాగితాన్ని చాలా సేపు చూసి, "వీడి మనవడికి నేను లెక్కలు చెబుతున్నానా!" అని నవ్వారు. అమావాస్యకూ పౌర్ణమికీ నీరు బాగా ఎక్కి బాగా దిగుతుంది, అష్టమి ప్రాంతంలో మందగిస్తుంది. ఆ అడవిలో ప్రతి ప్రాణీ ఈ లెక్క ప్రకారమే తింటుంది, దాక్కుంటుంది, బయటకు వస్తుంది. మనుషులు కూడా దానికి లోబడే ఉండేవారు.

చెట్లను ఆయన నాకు రుచితోనూ భయంతోనూ గుర్తుపట్టించాడు. మడ చెట్టు ఆకు తెంపి నాకి చూడమన్నాడు. ఉప్పు! వేళ్ళు పీల్చుకున్న ఉప్పునీటిలోని ఉప్పును ఆ చెట్టు ఆకుల గుండా బయటకు నెట్టివేస్తుందనీ, ఎండకు అది పొడిలా పేరుకుంటుందనీ తరువాత ఎప్పుడో కళాశాలలో చదువుకున్నప్పుడు నా నాలుక మీద ఆ రుచి మళ్ళీ కదలాడింది. తిల్ల చెట్టును మాత్రం ముట్టుకోనివ్వలేదు. దాని పాలు కంట్లో పడితే చూపు పోతుందని, కట్టె కొట్టేవాళ్ళు కూడా దాని జోలికి వెళ్ళడానికి జంకుతారని చెప్పాడు. ఆకు రాల్చే ముందు ఆ తిల్ల ఎర్రబడి, చుట్టూ ఉన్న పచ్చదనం మధ్య నిప్పంటుకున్నట్టు కనిపించేది. పొన్న చెట్టు ఊడల్లాంటి వేళ్ళను బురదలోకి దించి, నీటి మీద కాళ్ళు చాపి నిలబడ్డట్టుండేది. దాని విత్తనం నేలకు రాలి మొలవదు. కొమ్మ మీద ఉండగానే మొలిచి, ములక్కాడలా పొడుగ్గా పెరిగి, ఆ తరువాత రాలుతుంది. పాటు వేళ రాలితే కిందనే బురదలో గుచ్చుకుంటుంది, పోటు వేళ రాలితే నీటితో కొట్టుకుపోయి ఎక్కడో ఇంకో తిప్ప మీద నిలదొక్కుకుంటుంది. "బిడ్డకు నడక వచ్చాకనే పంపుతుంది" అన్నాడు తాత. వృక్షశాస్త్రం పుస్తకంలో ఆ సంగతికి ఒక పేజీన్నర పట్టింది.

నల్లమడ కింద నేల నిండా మేకులు దిగగొట్టినట్టు నిటారుగా నిలిచిన శ్వాసవేర్లు ఉంటాయి. వాటి మధ్య నడవడం నరకం. బురదలో గాలి ఆడదు కనుక వేరు నేల పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది. నేను ముక్కు మూసుకున్న ఆ వాసన కూడా గాలి ఆడకపోవడం వల్ల పుట్టినదే. ఆక్సిజన్ లేని చోట బతికే సూక్ష్మజీవులు సముద్రపు నీటిలోని సల్ఫేటుతో బతుకు వెళ్ళదీసి, హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వదులుతాయి. ఇది తెలిసిన తరువాత ఆ వాసన నాకు వంటింటి పొగలాగా అనిపించడం మొదలైంది. ఎందుకంటే ఆ అడవి వంట అంతా అక్కడే జరుగుతుంది. రాలిన ఆకును చిన్న పీత ఒకటి బొరియలోకి ఈడ్చుకుపోతుంది, కొంత తింటుంది, కొంత చిదిపి వదిలేస్తుంది. ఆ ముక్కల మీద సూక్ష్మజీవులు పేరుకుంటాయి. సూక్ష్మజీవులతో బలిసిన ఆ తుక్కును రొయ్యపిల్లలు, నత్తలు, గుల్లలు, చేపపిల్లలు తింటాయి. వాటిని పెద్ద చేపలు, చేపలను పక్షులూ నీటికుక్కలూ మనుషులూ తింటారు. అన్నింటికీ అడుగున ఉన్నది రాలిన ఆకే. పచ్చని ఆకును నేరుగా తినే ప్రాణులు ఆ అడవిలో తక్కువ, రాలి కుళ్ళిన ఆకు మీద బతికేవే ఎక్కువ.

పాటు వేళ కాలువ గట్టున కదలకుండా కూర్చుంటే పది నిమిషాలకు బురద కళ్ళు తెరిచేది. ముందుగా బొరియల అంచుల్లో పీతలు కనిపించేవి. ఒక చెయ్యి చిన్నది, ఒక చెయ్యి ఒంటికి మించినంత పెద్దది. ఆ పెద్ద చేతిని మగపీతలు "రా, రా" అన్నట్టు ఊపుతూ ఉండేవి. ఆ తరువాత బురదలో పాకే చేపలు వచ్చేవి. చేప అయి ఉండి రెక్కల మీద మోచేతులతో దేకుతున్నట్టు నేల మీద తిరగడం, తల మీద కనుగుడ్లు పెట్టుకుని నన్ను ఎగాదిగా చూడటం, నేను దగ్గితే టపటపా గెంతి మాయమవడం నాకు ఎంత చూసినా తనివి తీరేది కాదు. అప్పుడప్పుడు తాత ఒక ఇనుప కొక్కెం బొరియలోకి దూర్చి మండపీతను బయటకు లాగేవాడు. దాని పట్టులో వేలు పడితే విరుగుతుందని చెప్పి, తన ఎడమచేతి చూపుడువేలు చూపించేవాడు. ఆ వేలు వంకరగా ఉండేది. అది పీత పనో, వేరే ఏదైనా పనో ఈనాటికీ నాకు అనుమానమే.

ఆగస్టులో మరో లోకం. గోదావరికి ఎర్రనీరు వచ్చిందంటే కాలువల్లో ఉప్పు తగ్గిపోయేది, నీరు తియ్యబడేది, నది మోసుకొచ్చిన ఒండ్రు తిప్పల మీద కొత్త పొరగా కూర్చునేది. సముద్రంలో విలసగా తిరిగే చేప ఆ నీటి జాడ పట్టి నది మొగలోకి ప్రవేశించి, ఎదురీదుతూ పులస అయ్యేది. మా ఊళ్ళో పులస పేరు చెప్పగానే మనుషుల గొంతు మారేది. పండుగప్పది ఇంకా వింత కథ. పిల్లగా ఈ కాలువల్లో పెరుగుతుంది, ముందు మగచేపగా ఎదుగుతుంది, వయసు మీదపడ్డాక ఆడచేపగా మారుతుంది. రొయ్యలు పులసకు తలకిందులుగా నడుస్తాయి. సముద్రంలో పుట్టి, కంటికి ఆనని పిల్లలుగా పోటుతో పాటు మడలోకి వచ్చి, వేళ్ళ సందుల్లో కొన్ని నెలలు తలదాచుకుని, బలిశాక తిరిగి సముద్రానికి పోతాయి. మే నెలలో కాలువ నీరు నోట్లో పోసుకుంటే వాంతి వచ్చేంత ఉప్పు, ఆగస్టులో అదే కాలువలో దాదాపు మంచినీరు. ఏడాదిలో ఇన్ని రకాలుగా మారే నీటిలో బతకగలిగిన ప్రాణులు తక్కువే కావచ్చు, కానీ బతకగలిగిన వాటికి తిండి లెక్కలేనంత.

బావురుపిల్లిని నేను ఎప్పుడూ సరిగా చూడలేదు. ఒకసారి బురద మీద తడి ఆరని గుండ్రటి అడుగుల వరస చూశాను. ఇంకోసారి, ఏడో తరగతిలో ఉండగా, రాత్రి నావలో వస్తుంటే ఒడ్డున రెండు పచ్చని నిప్పుకణికలు వెలిగి ఆరాయి. "చేపల పిల్లి" అని తాత గొణిగాడు. పిల్లి జాతి నీటికి దూరంగా ఉంటుందని నమ్మిన నాకు, నీటిలోకి దూకి చేపను పట్టే పిల్లి ఉందంటే చాలాకాలం నమ్మబుద్ధి కాలేదు. నీటికుక్కలు మాత్రం గుట్టుగా తిరిగే రకం కాదు. నాలుగైదు కలిసి, కిచకిచలాడుతూ, ఒడ్డు మీద దొర్లుతూ, మా వలలోని చేపలనే తినిపోయేవి. తాత వాటిని తిట్టే తిట్లు ఇక్కడ రాయదగినవి కావు, కానీ కర్ర ఎత్తడం నేను చూడలేదు.

తాత కొడుకు నావలో హోప్ ఐలాండ్ మీదికి వెళ్ళడం నాకు మొత్తం మీద మూడుసార్లు పడింది. సముద్రానికీ కాకినాడ అఖాతానికీ మధ్య దక్షిణం నుంచి ఉత్తరానికి సుమారు 16 కిలోమీటర్లు చాచిన సన్నని ఇసుక చెయ్యి అది. గోదావరి తెచ్చిన ఇసుకను కెరటాలు ఒడ్డు వెంబడి నెట్టుకుంటూ పోగా గత రెండు వందల ఏళ్ళలో ఏర్పడింది. అంటే మా నాయనమ్మకు నాయనమ్మగారి కాలానికి అది ఇంకా పూర్తిగా లేదు. ఆ ఇసుక అడ్డుకట్ట వల్ల అఖాతంలో నీరు నెమ్మదిస్తుంది, నెమ్మదించిన నీటి అడుగున బురద దిగుతుంది, ఆ బురదలో గుల్లలు పెరుగుతాయి. సున్నానికి గుల్లలు ఏరుకునే నావలు అప్పట్లో అఖాతం నిండా కనిపించేవి. ఇసుక దిన్నెకు సముద్రం వైపు మరో ప్రపంచం. మాఘం, ఫాల్గుణం రాత్రుల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు అక్కడికి ఎక్కి, వెనక కాళ్ళతో కుండలాంటి గొయ్యి తవ్వి, వందకు పైచిలుకు గుడ్లు పెట్టి, పూడ్చి, వెనక్కి చూడకుండా పోతాయి. గూటి ఇసుక వేడిని బట్టి పిల్లలు ఆడవో మగవో తేలుతుంది, వేడి ఎక్కువైతే ఆడపిల్లలే పుడతాయి. నేను చూసిన తాబేలు కళ్ళ నుంచి నీరు కారుతున్నది. నొప్పికి ఏడుస్తున్నదనుకుని నేను కూడా ఏడ్చాను. ఒంట్లో చేరిన ఉప్పును అది అలా కంటి దగ్గరి గ్రంథుల ద్వారా వదిలించుకుంటుందని చాలా ఏళ్ళకు తెలిసినప్పుడు, ఆకు మీద ఉప్పు నాకిన సంగతి గుర్తుకు వచ్చి నవ్వుకున్నాను. ఆ మొగలో చెట్టుకూ తాబేలుకూ ఒకటే బాధ.

చలికాలం పక్షులది. కాకినాడ దగ్గర కుంభాభిషేకం అనే చోటి బురద మైదానాల్లో పాటు తీసినప్పుడు కనిపించే పక్షుల గుంపును లెక్కపెట్టాలని నేనూ తాత మనవడూ పందెం కాసి, రెండు వందల దగ్గర గొడవపడి మానేసిన రోజు ఉంది. సైబీరియా నుంచి వచ్చినవి, మధ్య ఆసియా నుంచి వచ్చినవి ఒకే బురద మీద తగువు లేకుండా మేస్తాయి. పొట్టిముక్కు పిట్ట పైపొరలో ఏరుకుంటుంది, కాస్త పొడుగుముక్కుది కొంచెం లోతున గుచ్చుతుంది, కొడవలిలా వంగిన ముక్కున్న కర్లూ పక్షి అడుగున ఉన్న పురుగును లాగుతుంది. ఒకే నేలకు మూడు అంతస్తుల భోజనశాల. పైముక్కు కంటే కిందిముక్కు పొడుగైన ఇండియన్ స్కిమ్మర్ నోరు తెరిచి, కిందిముక్కుతో నీటిని కోస్తూ ఎగిరే దృశ్యాన్ని అప్పుడు చూశానే గాని, ప్రపంచంలో అవి ఎంత కొద్దిగా మిగిలాయో, శీతాకాలానికి ఈ తీరం వాటికి ఎంత ముఖ్యమో ఎరగను.

ఈ నేలకు కోపం వచ్చిన రోజులూ ఉన్నాయి. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు; బర్మాకు పోయిన తెలుగువాళ్ళను అక్కడివాళ్ళు కొరంగీలని పిలిచింది ఈ ఊరి పేరు మీదనే. 1789లో, మళ్ళీ 1839లో తుపానుల ఉప్పెన ఆ రేవును ముంచింది. సైక్లోన్ అనే మాటను 1840 దశకంలో పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ తన రాతల్లో కోరంగి ఉప్పెనను ప్రస్తావించాడు. మాకు ఆ చరిత్ర తెలియదు, తెలిసినదల్లా 1996 నవంబరు. జిల్లాలో వెయ్యి మందికి పైగా పోయిన ఆ రాత్రి తరువాత నేను ఊరికి వచ్చినప్పుడు, మడ దట్టంగా ఉన్న వైపు ఇళ్ళకు కప్పులు పోయాయి గాని గోడలు నిలిచాయని తాత చెప్పాడు. ఒక్క ఊరిని చూసి మొత్తానికి తీర్పు చెప్పలేం. అయితే ఆయన చెట్లను చూపిస్తూ మాట్లాడిన తీరు నాకు గుర్తుంది.

ఇంతకంటే ఇబ్బందిగా గుర్తున్న సంగతి ఒకటుంది. 1991 వేసవికి మా ప్రాంతమంతా రొయ్యల చెరువుల పిచ్చి పట్టింది. చెరువులకు టైగర్ రొయ్య పిల్ల కావాలి, ఆ పిల్ల మడ కాలువల్లో ఉంటుంది. ఆడవాళ్ళూ పిల్లలూ మోకాటిలోతు నీళ్ళలో సన్నకన్ను వల లాగి, తెల్లటి గిన్నెలో నీరు పోసి, అందులోంచి ఒక్కొక్క పిల్లను గవ్వతో ఏరేవారు. సెలవుల్లో నేను కూడా ఏరాను. గిన్నెలో ఒక్క టైగర్ పిల్ల దొరికితే దానితో పాటు వచ్చినవి పదుల రకాలు ఉండేవి: వేరే రొయ్యల పిల్లలు, పీత పిల్లలు, గాజుముక్కల్లాంటి చేపపిల్లలు. మిగిలినదాన్ని గట్టు మీద పారబోసేవాళ్ళం. మధ్యాహ్నానికి ఆ గట్టు వెండి పూత పూసినట్టు మెరిసేది. తాత అది చూసి నన్నేమీ అనలేదు, ఆ వేసవిలో మాత్రం నన్ను మళ్ళీ వేటకు పిలవలేదు. ఆ డబ్బుతో నేను ఒక చేతిగడియారం కొనుక్కున్నాను.

తరువాత చెరువులకు తెల్లమచ్చ రోగం వచ్చింది, 1996 డిసెంబరులో ఆ చెరువులకు వ్యతిరేకంగా సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, కొందరు మునిగారు, కొందరు తేలారు. ఆ కథ వేరే. మడకు సంబంధించినంత వరకు, వెనకటి రోజుల్లో వంతుల వారీగా నరికిన చోట్ల నేల కుంగి, పోటు నీరు ఎక్కి దిగక నిలిచిపోయి, ఎండకు ఉప్పు ముదిరి మొక్క మొలవని చవుడుగా మారిన జాగాలు చాలా ఉండేవి. 1990 దశకం చివర్లో అటవీశాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్ కలిసి, ఊళ్ళవాళ్ళను చేర్చుకుని, అక్కడ చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించాయి. నడుమ ఒక పెద్ద కాలువ, దానికి ఇరువైపులా ఏటవాలుగా చిన్న కాలువలు. పోటు లోపలికి వచ్చి, పాటుకు బయటకు పోయే దారి ఏర్పడగానే ఉప్పు కడుగుకుపోయింది, నాటిన మొక్కలు పట్టుకున్నాయి. అడవికి కావలసింది నీళ్ళు రావడమే కాదు, వచ్చినవి వెళ్ళిపోవడం కూడా. తాత మనవడు ఆ తవ్వకాల్లో కూలికి వెళ్ళాడు.

పోయిన ఏడాది మాఘ శుద్ధ పంచమినాడు మా అమ్మాయిని వెంటబెట్టుకుని అభయారణ్యంలోని చెక్కబాట మీద నడిచాను. చెప్పులు పోయే భయం లేదు. ఆ బాట మీద నడుస్తున్నవాళ్ళలో ఎక్కువమంది చెట్లకు వీపు పెట్టి ఫొటోలు తీసుకుంటున్నారు, నేను కూడా రెండు తీశాను. నీరు అడుగుకు తీసి ఉన్నది. మా అమ్మాయి ముక్కు మూసుకున్నది. నాయనమ్మ చేసినట్టు చెయ్యి లాగబోయి ఆగిపోయి, అమావాస్య నుంచి ఐదు తిథులు, తిథికి రెండు గడియలు, మొత్తం నాలుగు గంటలు అని వేళ్ళ మీద లెక్కవేసి, నీరు ఏ వేళకు తిరుగుతుందో చెప్పాను. ఫోనులో చూసి చెబుతానన్నది. వద్దు, కూర్చుందాం అన్నాను. కాళ్ళు వేలాడదీసుకుని కూర్చున్నాం. కొంతసేపటికి పీతలు చేతులు ఊపుతూ బయటకు వచ్చాయి. నేను చెప్పిన వేళకు పావుగంట ఆలస్యంగా, బాట కింది సన్నని పాయలో తేలుతున్న ఒక ఎర్రని తిల్ల ఆకు కదలడం మానేసి, కొంచెంసేపు తటపటాయించి, మెల్లగా వెనక్కి, అడవి లోపలికి బయలుదేరింది.